గీత వెనక ఐదు సెకన్లు

జనవరి 17, శనివారం

ఇంటికి వెళ్ళకుండా జిమ్ బయట పార్కింగ్‌లో కూర్చుని రాస్తున్నాను. హీటర్ ఆన్‌లో ఉంది. ఇంకో గేమ్ ఉందని దివాకర్‌కి మెసేజ్ పెట్టాను. లేదు. మొగుడికి అబద్ధం చెప్పి కార్లో డైరీ రాసుకునే వయసా ఇది నాది, నలభై రెండేళ్ళకి?

ఇప్పుడే రాసిపెట్టాలి. రేపటికి నాకు నచ్చినట్టు మారిపోతుంది.

నోవై 38, కాంటన్ 37. పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్, పక్కపక్క ఊళ్ళ జట్లు. రిఫరీ నేను. గెలిచినవాళ్ళు మార్చిలో ఫైనల్ ఆడతారు. ఇంకా ఐదు సెకన్లున్నాయనగా నమ్రత బుట్టలో వేసింది, నోవై ఒక పాయింట్ పైకి వచ్చింది. కాంటన్ వాళ్ళు తమకున్న ఆఖరి టైమౌట్ తీసుకున్నారు. అది అయ్యాక కాంటన్ పిల్ల ఆద్య బుట్ట కింద గీత వెనక నిలబడింది, బాల్ లోపలికి వెయ్యడానికి. బాల్ ఇచ్చే ముందు నేను చెయ్యి అటూ ఇటూ ఊపి చూపించాను. నోటితో కూడా చెప్పాను, "రన్ చెయ్యొచ్చు" అని. తల ఊపింది. బాల్ ఇచ్చాను.

ఎదురుగా నమ్రత చేతులు చాపి అడ్డం నిలబడింది. ఆద్య గీత వెంబడి ఎడమకి నాలుగడుగులు పరుగెత్తింది. అక్కడ ఖాళీ ఉంది, వాళ్ళ పిల్ల ఒకతి ఒంటరిగా ఉంది కూడా. అప్పుడే నోవై బెంచ్ నుంచి కేక వినిపించింది, వైలేషన్, కదిలింది, అని. నా విజిల్ మోగింది.

నేనే ఊదాను. ఇంకెవరు ఊదుతారు? కానీ ఊదాలని అనుకోలేదు. కేకకి మోగింది.

బాల్ నోవైకి ఇచ్చేశాను. మ్యాచ్ అయిపోయింది. ఆద్య నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు.

"ఆంటీ, నువ్వే చెప్పావ్ కదా, రన్ ఓకే అని."

గేమ్ అయిపోయిందమ్మా, వెళ్ళి షేక్ హ్యాండ్స్ ఇవ్వు అన్నాను.

ఆ కేక వేసింది శేషగిరి గారు. నోవై కోచ్. నమ్రత వాళ్ళ నాన్న. సోమవారం నుంచి శుక్రవారం దాకా నా మేనేజర్.

జనవరి 18, ఆదివారం

నిన్న రాసింది చదివాను. "నోటితో కూడా చెప్పాను" అని రాశాను. చెప్పానా? చెయ్యి ఊపి ఉంటాను, అది అలవాటు. పక్కకి జరుగు అన్నట్టు కూడా కావచ్చు. అంత గోలలో ఎవరికేం వినపడుతుంది.

దివాకర్ పొద్దున్నే మా వాకిట్లో మంచు తీసి, పక్కింటివాళ్ళది, వాళ్ళ పక్కింటివాళ్ళది కూడా తీసి వచ్చాడు. నాలుగేళ్ళుగా ఉద్యోగం లేని మెకానికల్ ఇంజనీర్. నా గ్రీన్ కార్డ్ కాగితాలు ఒక మెట్టు ఎక్కితేగానీ ఆయనకి పని చేసుకునే పర్మిట్ రాదు. రెజ్యూమే నెలకోసారి తెరుస్తాడు, పైన తేదీ మార్చి మూసేస్తాడు.

జనవరి 20, మంగళవారం

లంచ్ టైమ్. ఆఫీస్ పార్కింగ్‌లో కార్లో.

గ్రీన్ కార్డ్ మొదటి ఫైలింగ్ ఫిబ్రవరి 28 లోపు వెళ్ళాలి. వెళ్ళకపోతే వచ్చే ఏడాదితో నా వీసా ఆరేళ్ళూ అయిపోతాయి, ఎక్స్‌టెన్షన్ ఉండదు, సూట్‌కేసులు సర్దుకోవడమే. అన్నీ అయిపోయాయి, ఒక్క మేనేజర్ సంతకం మిగిలింది. లాయర్ పోర్టల్ తెరిస్తే రోజూ ఒకటే మాట. మేనేజర్ రివ్యూ, పెండింగ్. మూడు వారాలుగా.

మ్యాచ్‌కి ముందే అడగాల్సింది. అడిగితే తొందరపెడుతున్నానని శేషగిరి గారు అనుకుంటారేమోనని ఊరుకున్నాను. ఇప్పుడసలు అడగలేను. అడిగితే విజిల్‌కి బదులుగా అడిగినట్టుంటుంది.

పొద్దున ఆయనే కాఫీ కప్పుతో నా సీటు దగ్గరికి వచ్చారు. కాంటన్ వాళ్ళు ప్రొటెస్ట్ పెడుతున్నారట. ఆయన నవ్వుతూనే ఉన్నారు.

"టైమౌట్ అయ్యాక ఫస్ట్ వేసింది మావాళ్ళ చేతికి తగిలి బయటికెళ్ళింది కదండీ ప్రసూనా. అందుకే స్పాట్, నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు. నేను చూశాను."

అలా ఏం జరగలేదు. వెయ్యబోయిందే ఒక్కసారి. ఆ ఒక్కసారి కూడా వెయ్యనివ్వలేదు నేను. నేను ఊఁ అన్నాను. ఆయన అదే ఊపులో బ్రేక్ టెస్ట్ రిపోర్ట్ ఎప్పుడిస్తారని అడిగారు. గురువారం అన్నాను.

జనవరి 21, బుధవారం

పద్మనాభం గారి నుంచి మెయిల్ వచ్చింది. లీగ్ నడిపేది ఆయనే. పెద్దాయన, రిటైరయ్యారు, స్కోర్ టేబుల్ మీద బాల్ ఎవరిదో చూపించే బాణం గుర్తు కూడా ఆయన ఇంట్లో అట్టపెట్టె కత్తిరించి చేసిందే. రిఫరీ కంటికి ఎలా కనపడిందన్న దాని మీద ప్రొటెస్ట్ చెల్లదట, రిఫరీ రూల్ తప్పుగా వాడితే చెల్లుతుందట. శనివారం లోపు జరిగింది రెండు లైన్లలో రాసి పంపమన్నారు. రెండో రిఫరీ రఘువీర్ కోర్టు అవతలి చివర ఉన్నాడు కాబట్టి ఏం చూడలేదన్నాడట. వీడియోలు కూడా అడిగారట. ఇరవై మంది తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని తీశారు, ఎవరి పిల్లని వాళ్ళే తీసుకున్నారు. ఆద్య వాళ్ళ నాన్న టైమౌట్‌లో కారు తియ్యడానికి వెళ్ళాడట.

ప్రసూన గారు ఏం రాస్తే అదే ఫైనల్ అని రాశారు. నా మీద అంత నమ్మకం.

పెండింగ్.

జనవరి 22, గురువారం

చిన్నప్పుడు గుంటూరులో మా పీఈటీ మేడమ్ తప్పు చేస్తే రూల్ యాభైసార్లు రాయించేది. రాస్తున్నాను.

బుట్ట పడ్డాక బాల్ లోపలికి వేసే పిల్ల గీత వెనక అటూ ఇటూ పరుగెత్తొచ్చు. మధ్యలో టైమౌట్ తీసుకున్నా ఆ హక్కు పోదు. బాల్ అవతలివాళ్ళకి తగిలి బయటికి పోతేనే పోతుంది. అప్పుడు నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు.

బుట్ట పడ్డాక బాల్ లోపలికి వేసే పిల్ల గీత వెనక అటూ ఇటూ పరుగెత్తొచ్చు. మధ్యలో టైమౌట్ తీసుకున్నా ఆ హక్కు పోదు.

బుట్ట పడ్డాక బాల్ లోపలికి వేసే పిల్ల

చాలు. నాకు రూల్ తెలియక కాదు కదా.

జనవరి 23, శుక్రవారం

పంపించేశాను. "టైమౌట్ తర్వాత మొదటి త్రో డిఫెండర్‌కి తగిలి బయటికి వెళ్ళింది. అందువల్ల స్పాట్ త్రో. ప్లేయర్ కదిలింది." ఇంగ్లీషులో ఇంకా పొట్టిగా ఉంది.

దివాకర్‌తో ప్రొటెస్ట్ సంగతి పైపైన చెప్పాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ, "పిల్లలాటకి గింత పరేషాన్ ఎందుకు? నువ్వు చూసింది రాసినవ్, అయిపోయింది" అన్నాడు. అయిపోయింది అన్నాను.

ఈ రిఫరీ పనికి నేను ఒక్క డాలర్ తీసుకోను. తీసుకుంటే వీసాకి ముప్పు. పోయిన ఏడాది పద్మనాభం గారు కాఫీ గిఫ్ట్ కార్డ్ ఇవ్వబోతే కూడా వద్దన్నాను, రూల్ రూలే అని. ఎంత గొప్పగా అన్నానో.

జనవరి 24, శనివారం

పోర్టల్ శనివారం కూడా పనిచేస్తుందని ఈరోజు తెలిసింది. పెండింగ్.

జనవరి 26, సోమవారం

ప్రొటెస్ట్ కొట్టేశారు. శేషగిరి గారు మీటింగ్ చివర్లో నాకు మాత్రమే కనపడేలా బొటనవేలు ఎత్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చుట్టూ చూశాను. ఎవరూ నన్ను చూడటం లేదు.

సంతకం మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కక్కలేను, మింగలేను.

జనవరి 31, శనివారం

ఈరోజు రెండు మ్యాచ్‌లు చేశాను. బాల్ ఇచ్చిన ప్రతిసారీ వేలు నేలకి చూపించి ఇక్కడే ఇక్కడే అని రెండేసి సార్లు చెప్పాను, లేదా చెయ్యి ఊపి రన్ రన్ అని అరిచాను. అంత గట్టిగా అక్కర్లేదు ఆంటీ అంది ఒక పిల్ల.

కాంటన్ మ్యాచ్ కూడా ఉంది. ఆద్య బెంచ్ మీద కూర్చుంది. ఆద్య ఎప్పుడూ కూర్చోదు, వాళ్ళ జట్టుకి బాల్ తెచ్చేదే ఆ పిల్ల. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. వాళ్ళ కోచ్ రఘువీర్‌తో చెబుతుంటే విన్నాను. రూల్ తెలియక మ్యాచ్ పోగొట్టి, పైగా రిఫరీ చెప్పిందని కథ అల్లిందట, అందుకని రెండు మ్యాచ్‌లు కూర్చోబెట్టాడట.

నేను మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

గ్రోసరీ స్టోర్‌లో విద్య కనపడింది. ఆద్య వాళ్ళమ్మ. పలకరించకుండా పప్పుల వరస వైపు తప్పుకుందామని చూశాను, అక్కడే పట్టేసింది. కోపంతో కాదు. క్షమాపణ చెప్పడానికి.

ఆద్య మీ గురించి అలా మాట్లాడినందుకు మాకు తలకొట్టేసినట్టయింది ప్రసూన గారూ, అంది. ఆట పోతే పోయింది, అబద్ధం ఎక్కడ నేర్చుకుందో తెలియట్లేదని, నాలుగు రోజులు ఫోన్ తీసేశామని చెప్పింది. నేను, పరవాలేదండీ, చిన్నపిల్ల, అంటూ ఉన్నాను. అంటూనే ఉన్నాను. ఆ మాట తప్ప నా నోట్లో ఇంకో మాట లేదు. ఆద్య బండి పట్టుకుని వెనక నిలబడి ఉంది, బూట్ల మీద మంచు కరిగి చుట్టూ నీళ్ళు. ఆంటీకి సారీ చెప్పు, అంది విద్య.

"సారీ ఆంటీ." తర్వాత నా చేతి వైపు చూసి, "మే బీ నేనే తప్పు చూశాను. నీ హ్యాండ్."

నా చెయ్యి నా బండిలోని కరివేపాకు కట్ట మీద ఉంది. ఆ చేత్తోనే ఆ పిల్ల భుజం తట్టాను. పరవాలేదమ్మా అన్నాను.

పదమూడేళ్ళ పిల్ల తను కళ్ళారా చూసింది చూడలేదని నమ్మడం మొదలుపెట్టింది. ఛీ. నాలాంటి దాన్ని ఏం చెయ్యాలి?

చెప్పాను. జనవరి 17న నోటితో కూడా చెప్పాను. చెయ్యి ఊపాను, రన్ చెయ్యొచ్చు అన్నాను, అది తల ఊపింది. 18న రాసింది అబద్ధం.

ఫిబ్రవరి 4, బుధవారం

నిజం మెయిల్ రాశాను. డ్రాఫ్ట్‌లో ఉంది. సంతకం పడ్డాక పంపుతాను. ఇరవై ఎనిమిది దాటితే దివాకర్ బతుకు, నా బతుకు రెండూ పోతాయి. ఆద్యకి పోయింది ఒక మ్యాచే కదా.

ఫిబ్రవరి 5, గురువారం

పెండింగ్.

ఫిబ్రవరి 7, శనివారం

కాంటన్ జట్టు ఎనిమిది మందే వచ్చారు. ఆద్య మానేసిందట. కోచ్ వేసిన శిక్ష కూడా పోయిన శనివారంతో సగం అయింది, ఈరోజుతో తీరిపోయేది. అయినా రానందట.

అడకత్తెరలో పోకచెక్కను నేనేనని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నన్నెవరూ నొక్కట్లేదే. నేనే ఆ పిల్లని పెట్టి నొక్కుతున్నాను.

డ్రాఫ్ట్ తెరిచాను. మూసేశాను.

ఫిబ్రవరి 9, సోమవారం

పెండింగ్.

ఫిబ్రవరి 12, గురువారం

లాయర్ ఆఫీస్ నుంచి మెయిల్ వచ్చింది. నిన్న ఫైల్ చేశారట. కాపీ పంపారు. పోర్టల్‌లో స్టేటస్ అప్‌డేట్ చెయ్యడం మర్చిపోయామని, ఇబ్బందికి చింతిస్తున్నామని ఒక ముక్క కింద రాశారు.

దివాకర్‌కి ఫోన్ చేశాను. ఆయన ముక్కు ఎగబీల్చడం వినపడింది. తర్వాత, సాయంత్రం పాయసం చేస్తానన్నాడు.

కాపీ మొత్తం చదివాను. పదకొండో పేజీలో శేషగిరి గారి సంతకం ఉంది. పక్కన తేదీ, జనవరి 16.

జనవరి 16 శుక్రవారం. మ్యాచ్ పదిహేడు.

ఆయన మ్యాచ్‌కి ముందు రోజే సంతకం పెట్టేశారు. పెట్టి మర్చిపోయారు కూడా. కాఫీ కప్పుతో వచ్చినప్పుడు ఆయన మనసులో సంతకం లేదు, ఏ బేరమూ లేదు. కూతురి జట్టు గెలవాలనుకున్న తండ్రి, అంతే. బేరం అంతా నాలోనే జరిగింది. అటువైపు నేనే, ఇటువైపు నేనే.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పంపించాను. పద్మనాభం గారికి, ఇద్దరు కోచ్‌లకి, విద్యకి. బాల్ ఎవరికీ తగల్లేదు, నేనే రన్ చెయ్యొచ్చని చెప్పాను, ఆద్య అక్షరాలా నిజం చెప్పింది, నేను పంపిన రిపోర్ట్ అబద్ధం. అంతే రాశాను. ఎందుకు అన్నది రాయలేదు. సంతకం తేదీ చూశాక పంపానని కూడా రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మధ్యాహ్నం శేషగిరి గారు తన గదిలోకి పిలిచారు. తలుపు వేశారు.

"నేనేమైనా అలా రాయమన్నానా ప్రసూనా?"

లేదండీ అన్నాను. నిజంగానే అనలేదు. ఆయన చూశానన్నారు, నేను రాశాను. గ్రీన్ కార్డ్‌లో తర్వాతి మెట్టుకి కూడా ఆయన లెటరే కావాలి. అది ఇద్దరికీ తెలుసు. టేబుల్ మీద పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, సరే వెళ్ళండి అన్నారు. ఇవాళ్టి నుంచి నిజంగా భయపడొచ్చు నేను.

దివాకర్‌కి ఇంటికెళ్ళి మొత్తం చెప్పాను.

"నా కోసమే చేసినవని అనకు," అన్నాడు. "గది మాత్రం అనకు."

అనబోయాను. ఆపేశాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

విద్య నుంచి జవాబు లేదు.

పద్మనాభం గారు ఫోన్ చేశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. రిఫరీ రూల్ తప్పినప్పుడు తప్పిన చోటి నుంచి మళ్ళీ ఆడించాలట. అంటే 38-37, ఐదు సెకన్లు, బాల్ ఆద్య చేతిలో. వచ్చే శనివారం. నన్ను తప్పించండి, రఘువీర్‌ని అక్కడ నిలబెట్టండి అని బతిమాలాను. ఎవరు ఎక్కడున్నారో అక్కడే ఉండాలమ్మా, ప్రొటెస్ట్ అంటే అదే, అన్నారు.

ఫిబ్రవరి 21, శనివారం

మళ్ళీ అదే పార్కింగ్. అదే హీటర్.

ఐదు సెకన్ల కోసం రెండు జట్లూ పూర్తిగా వచ్చాయి. అమ్మమ్మలు కూడా వచ్చారు. రోడ్లన్నీ జారుతున్నాయి, అయినా వచ్చారు. ఆద్య వచ్చింది. వాళ్ళ నాన్న ఈసారి ఫోన్ పట్టుకుని గీత పక్కనే నిలబడ్డాడు. విద్య నా వైపు చూడలేదు. శేషగిరి గారు బెంచ్ మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు, నోరు విప్పలేదు.

ఎవరి చోట్లలో వాళ్ళు నిలబడ్డారు. నమ్రత ఆద్యకి ఎదురుగా చేతులు చాపింది. బాల్ నా దగ్గర ఉంది. నేను చెయ్యి భుజం దాకా ఎత్తి అటూ ఇటూ ఊపాను, జిమ్ అంతటికీ కనపడేలా. ఆద్యా, రన్ చెయ్యొచ్చు, అని చివరి వరసకి వినపడేలా చెప్పాను. ఆ పిల్ల నా చెయ్యి చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"ఆర్ యు ష్యూర్, ఆంటీ?"

ష్యూర్ అన్నాను. బాల్ ఇచ్చాను. ఇచ్చాక ఐదు లెక్కపెట్టే లోపు లోపలికి వెయ్యాలి. లెక్కపెట్టేది నేనే, సెకనుకోసారి చెయ్యి కదిలిస్తూ.

ఒకటి. ఎదురుగా నమ్రత. దారి లేదు. ఎడమ పక్కన ఆ రోజులాగే ఖాళీ, వాళ్ళ పిల్ల చేతులెత్తి పిలుస్తోంది.

రెండు. ఆద్య ఎడమ పాదం లేచింది. వెళ్ళు తల్లీ, వెళ్ళు, అని లోపల గొంతు చించుకుంటున్నాను. రిఫరీ పైకి అనకూడదు.

మూడు. పాదం మళ్ళీ లేచిన చోటే దిగింది. నా విజిల్ వైపు చూస్తోంది. బాల్ వైపు కాదు, బుట్ట వైపు కాదు.

నాలుగు. కాంటన్ వాళ్ళందరూ రన్ రన్ అని అరుస్తున్నారు. వాళ్ళమ్మ కూడా అరిచింది. కదల్లేదు. మేకు కొట్టినట్టు నిలబడింది.

నెమ్మదిగా లెక్కపెట్టి ఉండొచ్చు. ఎవరికి తెలుస్తుంది, నా చెయ్యి, నా లెక్క. ఇంకొక్క క్షణం ఇస్తే ఏదో ఒకటి చేసేదేమో. ఇవ్వలేదు. ఇంకో అబద్ధం ఆ పిల్ల ఎదురుగా నాకు చేతకాలేదు.

ఐదు. విజిల్ ఊదాను. ఈసారి నేనే ఊదాను, రూల్ ప్రకారం, తప్పు లేకుండా. కాంటన్ వైలేషన్. బాల్ నోవైది.

నోవై పిల్లలు చప్పట్లు కొట్టలేదు. ఆద్య గీత దాటి నా దగ్గరికి వచ్చి బాల్ రెండు చేతులతో నా చేతిలో పెట్టింది. ఈసారి ఎవరూ చెప్పమనలేదు.

"సారీ ఆంటీ," అంది. "నువ్వు రైటే చెప్పావ్. నేనే రన్ చెయ్యలేదు."

బాల్ తీసుకుని, నమ్రతకి ఇచ్చాను.